తప్పు నీళ్ళదే

మంగళవారం సాయంత్రం గేటు దగ్గర సైకిలు గంట రెండుసార్లు మోగింది. కాంపౌండరు భార్య నీళ్ళకి వచ్చింది. జోడీలక్క మోచేతి దాకా తొట్టెలో ముంచిన చెయ్యి బయటికి తియ్యకుండానే, "గడియ పెట్టలేదమ్మాయ్, తోసుకుని వచ్చెయ్" అని లోపల్నుంచి కేకేసింది.

జోడీలక్క అన్న పేరు ఆవిడకి చేపల వల్ల వచ్చింది. ఇంటి వెనక పొడుగాటి గదిలో, వెల్డరైన మొగుడు చేసిపెట్టిన ఇనపస్టాండుల మీద, ఇరవై రెండు అద్దాల తొట్టెలు. అన్నిటిలోనూ ఏంజెల్ చేపలే. అరచెయ్యంత వెడల్పు, అట్టముక్కంత మందం, పైకీ కిందకీ సాగిన రెక్కలు. వీటిలో ఆడదేదో మగదేదో మామూలు రోజుల్లో ఎవరూ చెప్పలేరు. ఒక ఎనిమిదింటిని కలిపి పెంచితే ఏడాది తిరిగేలోగా అందులో రెండు ఒక మూలకి చేరి, మిగతావాటిని దగ్గరికి రానివ్వకుండా తరిమి, కాపురం పెడతాయి. అప్పుడు వాటిని వేరే తొట్టెలోకి మార్చి, రాతిపలక ఒకటి ఏటవాలుగా నిలబెట్టాలి. పలక మీద గుడ్లు పెట్టి, ఆ గుడ్లు పిల్లలయ్యాయంటే అది 'పిల్లలు తీసిన జోడీ'. ఊళ్ళో చేపలు పెంచేవాళ్ళెవరికైనా అలాంటి జోడీ కావాలంటే ఈవిడ గుమ్మం తొక్కాల్సిందే. ఇరవై ఏళ్ళలో ఆవిడిచ్చిన జోడీ ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, ఊరికి తెలుసు. తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే వెల్డరు పనిమానుకుని మరీ చెప్పేవాడు.

కాంపౌండరు భార్య సైకిలు గోడకి ఆనించి, క్యారేజీకి చెరోవైపూ తాడుతో కట్టిన ఇరవై లీటర్ల క్యాన్లు విప్పుకుని వచ్చింది. సన్నటి మనిషి. పుస్తకాల బైండింగ్ షాపులో రోజంతా ఫారాలు మడిచి, దారం కుట్టి, వెన్నుకి జిగురు పూసే పని. జిగురు గోళ్ళ సందుల్లో ఎండి తెల్లగా ఉంటుంది. షాపు నుంచి తిన్నగా ఇటే వస్తుంది, వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం. ఆమెకీ ఒక పేరుంటుంది గానీ ఈ చేపల లోకంలో ఎవరూ అడగలేదు. కాంపౌండరు భార్య అంటే సరిపోయేది.

ఈ నీళ్ళ మోత నాలుగు నెలలుగా నడుస్తోంది. ఐదు నెలల క్రితం కాంపౌండరు ఇక్కణ్ణుంచి ఒక జోడీ తీసుకెళ్ళాడు. అవి గుడ్లు పెట్టాయి. గుడ్లు రెండోరోజుకి తెల్లబడ్డాయి, అంటే పిల్ల కాకుండానే పోయాయి. మళ్ళీ పెట్టాయి, మళ్ళీ తెల్లబడ్డాయి. వచ్చి అడిగితే జోడీలక్క ఆలోచించను కూడా లేదు. "తప్పు నీళ్ళదే. మీ బిల్డింగులో బోరునీళ్ళు గట్టివి, సున్నం ఎక్కువ. ఆ నీళ్ళలో గుడ్డు నిలవదు. మా కుళాయి నీళ్ళు మెత్తన, పట్టుకెళ్ళండి" అంది. ఊరికే ఇస్తానంది కదా, అందులో ఔదార్యం తప్ప ఇంకేమీ ఆవిడకి కనిపించలేదు. కాంపౌండరుకి డిస్పెన్సరీ చీకటిపడేదాకా. అంచేత మోత భార్య మీద పడింది.

"గుడ్లెలా ఉన్నాయి?" అంది జోడీలక్క, కుళాయికి పైపు తగిలించి క్యాన్లో వదులుతూ.

"నిన్న పెట్టాయండీ. తెల్లబడటం మొదలెట్టాయి." ఆమె నవ్వబోయింది గానీ నవ్వు కుదరలేదు. "నీళ్ళూ మీవే, పలకా మీదే. ఇంక ఆయన చెయ్యి మంచిది కాదనేగా!"

ఆ మాట జోడీలక్కదే. రెండు నెలల కింద ఓ ఆదివారం, చేపలవాళ్ళందరూ వాకిట్లో చేరినప్పుడు, "చేపలు నావి, నీళ్ళు నావి, ఇంకా గుడ్లు తెల్లబడుతున్నాయంటే నీ హస్తవాసే బాలేదేమోనయ్యా కాంపౌండరూ!" అని ఆవిడ అంటే అందరూ పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. మరుసటి వారానికి లైన్‌మన్ ఒకాయన, రిటైరయ్యాక ఇంకో పని లేక, 'తెల్లగుడ్ల కాంపౌండరు' అని పేరు తగిలించాడు. అది వాకిట్లోంచి వీధిలోకీ, వీధిలోంచి డిస్పెన్సరీలోకీ నడిచిపోయింది.

"మొన్న ఒక పెద్దావిడ ఇంజక్షన్‌కి చెయ్యి చాపి, ఆయన సూది తియ్యగానే మళ్ళీ వెనక్కి లాక్కుందటండీ. నర్సమ్మ ఎప్పుడొస్తుంది నాయనా అని అడిగిందట. ఇంటికొచ్చి చెప్పి, అన్నం ముందు చాలాసేపు ఊరికే కూచున్నారు."

"జనానికేం పనిలేదు" అంది జోడీలక్క. అంటూంటే చెవులు వేడెక్కాయి.

"అయినా ఆయన మానరు లెండి. లెక్కలు రాస్తూనే ఉంటారు. ఈసారి ఏడొందల పన్నెండు గుడ్లు." ఆ అంకె చెప్పేటప్పుడు ఆమె మొహంలో ఒకింత గర్వం కనిపించింది. "భూతద్దం పెట్టి వరసవరసా లెక్కేశారు. ఏడొందల పన్నెండంటే మాటలా చెప్పండి!"

"ఎన్నీ?"

"ఏడొందల పన్నెండు. కిందటిసారి ఆరొందల తొంభై."

క్యాను నిండి, పొర్లి, నీళ్ళు జోడీలక్క పాదాల మీంచి పోతున్నాయి. కాంపౌండరు భార్యే వంగి కుళాయి కట్టింది.

ఆమె రెండు క్యాన్లనీ ఒకదాని తరవాత ఒకటి తొడ మీదికి ఎత్తుకుని, అక్కణ్ణుంచి సైకిలు మీదికి చేర్చి, తాడు మూడు చుట్లు చుట్టి ముడేసింది. ఎక్కి తొక్కదు. అంత బరువుతో తొక్కలేదు. నడిపించుకుని వెళుతుంది. జోడీలక్క గేటు దాకా వచ్చి, ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి స్టూలు మీద కూలబడింది.

ఒక్క ఆడచేప ఏడొందలు పెట్టదు. ఎంత ఏపుగా పెరిగినదైనా మూడొందలు, మరీ అయితే మూడొందల యాభై. ఇరవై ఏళ్ళలో ఆవిడ నాలుగొందలు దాటగా చూడలేదు. ఏడొందలంటే ఇద్దరు తల్లులు.

మగది దొరక్కపోతే రెండు ఆడచేపలు కూడా జోడీ కడతాయి. పలక శుభ్రం చేసుకుంటాయి, రెండూ గుడ్లు పెడతాయి, రెండూ రెక్కలతో విసురుతూ కాపలా కాస్తాయి. చూసేవాళ్ళకి అచ్చమైన కాపురంలా ఉంటుంది. ఒక్క గుడ్డు కూడా పిల్ల కాదు. ఈ సంగతి కొత్తగా వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పినట్టు చెప్పేది ఆవిడే.

మరి ఈ జోడీ తన దగ్గర పిల్లలు తీసిందే? ఆవిడ గోడ మీద తగిలించిన పాత క్యాలెండరు కాగితాలు తిరగేసింది. గుడ్లు పెట్టిన తేదీలకి సున్నా, పిల్లలైతే సున్నాలో చుక్క. ఆ జోడీ గుడ్లు పెట్టిన వారంలో రెండు సున్నాలు ఒకే గడిలో ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. గాలిపంపు ఒకటి కాలిపోయిన వారం అది. రెండు జోడీలు ఒకే రోజు పెట్టాయి. గుడ్లు నిలవాలంటే పలకని తొట్టెలోంచి తీసి, గాలిరాయి వదిలే బుడగలు తగిలేలా జాడీలో ఉంచాలి. ఉన్న ఒక్క గాలిరాయికీ అటో పలకా ఇటో పలకా పెట్టి, ఒకే జాడీలో దించేసింది. మూడోనాటికి సగం గుడ్లు తెల్లబడ్డాయి, సగం పిల్లలై జాడీ అడుక్కి రాలి తోకలాడించాయి. ఏ పలక మీదవి బతికాయో ఏ పలక మీదవి పోయాయో చూసుకోవాల్సింది. చూడలేదు. రెండు సున్నాల్లోనూ చుక్కలు పెట్టేసింది.

బుధవారం మధ్యాహ్నం భోజనాలకి డిస్పెన్సరీ మూసే వేళ చూసుకుని కాంపౌండరు ఇంటికి బయల్దేరింది. ఐదు నెలల్లో ఆ ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి. మూడో అంతస్తు. మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉన్నాయి. రెండో మలుపులో గోడ పట్టుకుని నిలబడిపోయింది. చేతిలో ఉన్నది గుడ్డసంచీ ఒకటే. మెట్ల అంచుల మీద అక్కడక్కడా నీళ్ళు చింది ఎండిన మరకలు పై దాకా ఉన్నాయి.

ఒకే గది, పక్కన వంటకి ఒక మూల. కిటికీ దగ్గర తొట్టె. తొట్టె పక్కన పెద్ద మందుసీసా, అందులో గుడ్లకి బూజు పట్టకుండా నీలిమందు కలిపిన నీళ్ళు, ఏటవాలుగా పలక. సీసాకి చీటీ అంటించి ఉంది, మందుసీసాలకి అంటించినంత పొందిగ్గా, తేదీ, వేళ, గుడ్ల లెక్కతో. కాంపౌండరు చొక్కాచేతులు మడుచుకుని, సన్నటి డ్రాపరుతో తెల్లబడ్డ గుడ్లు ఒక్కొక్కటే ఏరి బయటికి తీస్తున్నాడు. ఆవిణ్ణి చూసి కంగారుగా లేచాడు.

"రండి అక్కయ్యగారూ. కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా!"

"ఇటు పనుండి వచ్చాలే. చేపలు చూసి పోదామని."

అతను కుర్చీ తుడిచి తొట్టె ముందు వేశాడు. సొరుగులోంచి భూతద్దం తీసి, అడగకుండానే ఆవిడ చేతికిచ్చాడు. జోడీలక్క దాన్ని మర్యాద కిందే తీసుకుంది.

గుడ్లు పెట్టే రోజుల్లో మాత్రం ఆడామగా తేడా పట్టేయొచ్చు. పొట్ట కింద చిన్న గొట్టం బయటికి వస్తుంది. మగదానికి సన్నగా, మొనదేలి. ఆడదానికి లావుగా, మొద్దుగా. ఒకట్రెండు రోజులుండి మళ్ళీ లోపలికి పోతుంది. ఈ రెండిటికీ ఇంకా పూర్తిగా పోలేదు. ఆవిడ మొదటిదాన్ని చూసింది. మొద్దుగా ఉంది. రెండోది అటు తిరిగి మళ్ళీ ముందుకొచ్చేదాకా ఆగి, దాన్నీ చూసింది. అదీ మొద్దే. ఇంకోసారి చూసింది. ఎన్నిసార్లు చూసినా అంతే.

వెనక కాంపౌండరు కదలకుండా నిలబడ్డాడు. చెప్పెయ్యాలంటే అదే సమయం. గదిలో ఇద్దరే ఉన్నారు, ఒక్క వాక్యంతో అయిపోయేది. జోడీలక్క నోరు తెరిచింది. తన జోడీ తప్పయింది అనే మాట ఆ నోటికి అలవాటు లేదు.

"గాలి కాస్త ఎక్కువైందేమోనయ్యా. తగ్గించి చూడు" అంది.

అతను ఒక్క క్షణం ఆవిడకేసి చూసి, "అలాగేనండీ" అన్నాడు. పంపు దగ్గర వంగి మర కొంచెం తిప్పాడు. సీసాలో బుడగలు తగ్గాయి.

ఇంటికొచ్చేసరికి వెల్డరు వాకిట్లో కొత్త స్టాండు కాళ్ళు రుద్దుతున్నాడు. ఆవిడ వాలకం చూసి ఆకురాయి పక్కన పెట్టాడు. జరిగిందంతా చెప్పింది. అతను విని, మీసం గోక్కుని, "ఓస్ ఇంతేనా! మగది ముసలిదైపోయిందని చెప్పి ఓ మంచి మగదాన్నిచ్చి మార్చెయ్యి. పిల్లలు పుడతాయి, వాడూ సంతోషిస్తాడు, నీ పేరూ నిలుస్తుంది" అన్నాడు.

"అబద్ధం కదూ?"

"నీళ్ళ సంగతి మటుకు నిజమా? అయినా నా అతుకు ఊడితే ఊడిందని ఒప్పుకుని మళ్ళీ వేసిస్తా. అందులో తల తీసేసేదేముంది?"

"నీకేమయ్యా! నీ అతుకులు రోజూ ఊడేవేగా."

వెల్డరు నవ్వాడు గానీ ఆవిడ నవ్వలేదు. ఆ మాట అనేసి లోపలికి వెళ్ళి తొట్టెల అడుగున మురికి లాగడం మొదలుపెట్టింది. సన్నగొట్టం నోట పెట్టి పీల్చి, నీళ్ళు నోటిలోకి వచ్చేలోపు బకెట్లోకి వదలడం ఆవిడకి ఊపిరి పీల్చడమంత తేలిక. ఆవేళ రెండుసార్లు మురికినీళ్ళు నోట్లోకొచ్చాయి. ఒక చేప తప్పయితే తప్పయింది, దానికి ఇంత దడేమిటని తన మీద తనకే చిరాకేసింది. దడ చేప గురించి కాదు. వాకిట్లో నలుగురూ నవ్విన నవ్వు, దానికి తను ఇచ్చిన ఊతం, చెయ్యి వెనక్కి లాక్కున్న ఆ పెద్దావిడ, ఇవి చేపని మార్చినంత తేలిగ్గా మారేవి కావు.

శుక్రవారం సైకిలు గంట మోగినప్పుడు జోడీలక్క గేటు దగ్గరే ఉంది.

క్యాన్లు తనే అందుకుంది. కుళాయి కింద పెట్టింది. కాంపౌండరు భార్య కొంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడింది. కుడి అరచేతిలో క్యాను పిడి ఒరుసుకుని ఎర్రటి గాటు పడింది. అది చూసి జోడీలక్క లోపలికి వెళ్ళి, పాత తువ్వాలు చింపి, రెండు పిడులకీ మెత్తగా చుట్టి దారంతో కట్టింది.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ" అని ఆ పిల్ల నిజంగానే కరిగిపోయింది.

"ఇదిగో, ఒక మాట. ఆ జోడీలో మగది కాస్త వయసు మళ్ళినట్టుంది. నేనింకోటి ఇస్తాను. రేపు మీవాణ్ణి దాన్ని పట్టుకురమ్మను, మార్చేస్తా."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆయన ఒప్పుకోరండీ. ముందే నేనన్నాను, చేపల్లోనే ఏదో ఉందేమో, మార్చి ఇమ్మని అడగరాదా అని. అంతెత్తున లేచారు. తప్పు నీళ్ళదేనని అక్కయ్యగారు చెప్పాక మనమెవరం అన్నారు. మీ మాటంటే ఆయనకి వేదవాక్కు."

జోడీలక్క క్యానులో పైపు సర్దింది. ఇంకేదో అనబోయింది. క్యాను నిండిపోయింది. రెండోది కూడా నిండింది.

"ఆదివారం ఇద్దరూ రండి" అంది చివరికి. "నువ్వు కూడా."

"నాకు ఆదివారం బట్టలుతుకుడండీ."

"ఒక్క పూట ఆగితే బట్టలెక్కడికీ పోవు. రా."

ఆమె సరేనంది. ఎలాగూ వస్తాను కాబట్టి క్యాన్లు కూడా తెచ్చేసుకుంటాను, మంగళవారం తిరుగుడు తప్పుతుంది అంది. ఎత్తి, తొడ మీద ఆనించి, సైకిలుకి చేర్చి, ముడి వేసుకుని, పిడికి చుట్టిన గుడ్డ ఒకసారి నొక్కి చూసుకుని వెళ్ళింది. ఆ రెండు రోజులూ జోడీలక్క తొట్టెల మధ్య తిరుగుతూ, ఆదివారం కాంపౌండరుతో ఏమనాలో లోపల్లోపలే కూర్చుకుంది. "నాయనా, నేను తప్పు చేశాను" అనుకుంటే మరీ బోడిగా ఉంది. "చూడు కాంపౌండరూ, పొరపాటు నాది, నీ చేతిలో ఏ లోపమూ లేదు" అనుకుంటే కాస్త కుదురుగా ఉంది. అదే ఖాయం చేసుకుంది.

ఆదివారం పదింటికి వాకిలి నిండింది. పాలిథిన్ సంచుల్లో, బకెట్లలో, ఊరగాయ జాడీల్లో ఎవరి చేపలు వాళ్ళు తెచ్చుకుని అరుగు మీద సర్దుకున్నారు. లైన్‌మన్ ఎప్పటిలా ముందువరసలో కుర్చీ వేసుకుని, గేటు తోసుకుని వస్తున్న కాంపౌండరుని చూసి, "అదుగో, తెల్లగుడ్లు వచ్చేశాయి" అన్నాడు. అలవాటుగా నలుగురు నవ్వారు. కాంపౌండరు వెనకే భార్య ఖాళీ క్యాన్లతో లోపలికొచ్చి, వాటిని కుళాయి దగ్గర పెట్టి, గోడవారన నిలబడింది.

"నవ్వకండి" అంది జోడీలక్క.

ఆవిడ గొంతు పెద్దది. వాకిలి ఆగిపోయింది. ఆవిడ మధ్యలోకి వచ్చి నిలబడింది. చేతులు కొంగుకి తుడుచుకుంది, అవి పొడిగానే ఉన్నా. "చూడు కాంపౌండరూ. పొరపాటు నాది. నేను నీకిచ్చింది జోడీ కాదు, రెండూ ఆడవే. నీ చేతిలో ఏ లోపమూ లేదు. నీళ్ళదీ కాదు. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నాను."

లైన్‌మన్ చప్పట్లు కొట్టాడు. "అదీ అక్కయ్యంటే! వాడి మీద జాలితో నింద తన మీద వేసుకుంటోంది. ఎంత పెద్ద మనసు చూశారా!"

"జాలీ లేదు, పెద్ద మనసూ లేదు!" జోడీలక్కకి ఒళ్ళు మండింది. "గొట్టాలు చూసుకోకుండా, రెండు పలకలు ఒకే జాడీలో పడేసి, చూడకుండానే చుక్క పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళ గీర తలకెక్కి చేశాను. ఇక మీదట ఎవరైనా ఈ మనిషిని ఆ పేరు పెట్టి పిలిచారో, వాళ్ళకి నా గుమ్మంలో చేపపిల్ల కూడా దొరకదు."

లైన్‌మన్ చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. ఈసారి నమ్మారు. నమ్మిన తరవాత ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు. ఒకాయన తన సంచీలో చేపలు ఊపిరాడక ఉన్నాయేమోనని వంగి చూసుకోవడం మొదలుపెట్టాడు.

కాంపౌండరు తలొంచుకుని ఉన్నాడు. అతని మొహం తేలికపడుతుందని జోడీలక్క ఎదురుచూసింది. పడలేదు.

"నాకు తెలుసండీ" అన్నాడు మెల్లిగా.

"ఏం తెలుసు?"

"రెండూ ఆడవేనని. నేనూ భూతద్దం పెట్టి చూశాను కదండీ. మీరే చెప్పారుగా, మొద్దుగా ఉంటే ఆడది, మొనదేలితే మగదని. రెండుసార్లు, మూడుసార్లు చూశాను." అతను చేతులు నలుపుకున్నాడు. "ఇరవై ఏళ్ళ మనిషికి నేను చెప్పడమేంటి అనిపించింది. చెప్పినా నవ్వుతారనిపించింది. మీ అంతట మీరే చూస్తారులే అనుకున్నాను. మొన్న మీరు రాగానే అందుకే భూతద్దం చేతికిచ్చాను."

గోడవార నుంచి కాంపౌండరు భార్య రెండడుగులు ముందుకొచ్చింది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఎప్పట్నుంచి?"

"రెండు నెలలైంది."

ఫారాలు వందలెక్కన చేతి మీదుగా మడిచే మనిషి, లెక్కకి ఆమెకి కాగితం అక్కర్లేదు. "ముప్పై నాలుగు క్యాన్లు" అంది. కోపంగా అనలేదు. "మూడంతస్తులు. నేను మోస్తూంటే మీరు పైనుంచి తలుపు తీసి పట్టుకునేవారు, అడ్డం లేకుండా."

"నీకు చెబితే ఊరుకోవు. వచ్చి అక్కయ్యగారిని అడిగేస్తావని..."

"అడిగేదాన్నే."

ఇన్నాళ్ళూ ఊరంతా తన చెయ్యి మీద నవ్వుతూంటే పడిన మనిషి. మంచివాడే. ఆ మంచితనం బరువంతా ఇంకొకరు మోశారని అతనికి అప్పుడే తట్టినట్టుంది. క్యాన్ల దాకా వెళ్ళి, ఒకదాన్ని ఎత్తి, ఖాళీదే అయినా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె జోడీలక్క వైపు తిరిగింది.

"మీకెప్పుడు తెలిసిందండీ?"

"మంగళవారమే అనుమానం వచ్చింది. బుధవారం మీ ఇంటికొచ్చి కళ్ళారా చూశాను."

"మరి శుక్రవారం నేనొచ్చాను కదండీ."

జోడీలక్కకి మొహం చెల్లలేదు. రెండు రోజులుగా ఆవిడ కూర్చుకున్న మాటల్లో ప్రతి మాటా కాంపౌండరుకే. శుక్రవారం ఈ పిల్ల ఎదురుగా నిలబడింది, అరచేతిలో గాటూ కనబడింది. తను గుడ్డ చుట్టి, నీళ్ళు నింపి, గేటు దాకా సాగనంపింది. క్షమాపణ ఎవరికి బాకీ ఉందో ఒక్కసారైనా తోచలేదు.

"నీకే ముందు చెప్పాల్సిందమ్మా" అంది. "నీకే చెప్పాల్సింది."

"అవునండీ."

పరవాలేదు అంటుందేమోనని జోడీలక్క కాసేపు ఆగింది. ఆమె అనలేదు. కొంగు నడుముకి దోపుకుంది.

"ఎలా చూడాలో నాకు చూపించండి."

ఆ వేళకి వెనక గదిలో మూల తొట్టెలో ఒక జోడీ పలక శుభ్రం చేసుకుంటోంది. జోడీలక్క ముందు నడిచింది. వాకిట్లోవాళ్ళు దారి ఇచ్చారు. గదిలో కాంపౌండరు భార్య అంతకుముందు ఎప్పుడూ అడుగు పెట్టలేదు. నాలుగు నెలలుగా కుళాయి దాకా వచ్చి, అక్కణ్ణుంచే వెళ్ళేది. ఇన్ని తొట్టెలు చూసి ఒక్కక్షణం ఆగింది, తరవాత మూల తొట్టె ముందు నేల మీదే కూచుంది. జోడీలక్క భూతద్దం ఇచ్చి, పక్కన మోకాళ్ళ మీద వంగింది.

"తొందరపడకు. అది ఇటు తిరిగేదాకా ఆగు. పొట్ట కింద, రెండు పొడుగాటి రెక్కల వెనకాల. కనబడిందా?"

"ఇంకా లేదు." ఆమె ఊపిరి అద్దానికి తగిలి మసకేస్తే కొంగుతో తుడిచింది. "ఆ... కనబడింది. చిన్నది. మొనదేలి ఉంది."

"అది మగది. ఇప్పుడు రెండోదాన్ని చూడు."

రెండో చేప పలక మీదికి పొట్ట ఆనించి, కింది నుంచి పైకి మెల్లిగా పాకింది. దాని వెనక తేనెరంగు గుడ్లు ఒక వరస మిగిలాయి. కాంపౌండరు భార్య భూతద్దం కదపకుండా చూసింది. వాకిట్లో మళ్ళీ గుసగుసలు మొదలయ్యాయి. గది గుమ్మంలో కాంపౌండరు క్యాను పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రానూ లేదు, వెళ్ళనూ లేదు.

"లావుగా ఉంది" అంది ఆమె. "మొద్దుగా. ఇది ఆడది."

"అవును."

"ఇంతేనా?"

"ఇంతే."

ఆమె భూతద్దం దించి, అరచేతిలోని ఎర్రటి గాటు మీద బొటనవేలితో ఒకసారి రుద్దుకుంది. మళ్ళీ ఎత్తి, మగచేప వైపు తిప్పింది.

"ఇది చూడ్డానికి ఎంతసేపు పట్టిందండీ నాకు?"

జోడీలక్కకి అబద్ధం చెప్పాలనిపించింది, చాలాసేపు పట్టిందని.

"అయిదు నిమిషాలు కూడా పట్టలేదమ్మా" అంది.